బెజవాడ, గుంటూరు నుంచి నడకకి ఎటు? నది ఒడ్డా, అడవి బాటా, పక్షుల చెరువా?

రేపు పొద్దున్నే ఎటైనా వెళ్లి నడుద్దాం అని ఇంట్లో ఒకరు అంటారు. బ్యారేజీకి వెళ్దామని ఒకరు, అది రోజూ చూసేదే కదా కొండపల్లి వెళ్దామని ఇంకొకరు, పిల్లలున్నారు కాబట్టి భవానీ ద్వీపమే నయమని మరొకరు. చివరికి ఏదీ తేలక ఎండెక్కాక బయల్దేరతారు, లేదంటే అసలు బయల్దేరరు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నడవడానికి చోట్లు తక్కువేం లేవు. నది ఉంది, కొండలున్నాయి, అడవి ఉంది, పక్షుల చెరువుంది. ఏ చోటు ఏ నెలలో బాగుంటుందో, వెంట ఎవరున్నారో చూసుకోకుండా పేరున్న చోటికి వెళ్లిపోవడం దగ్గరే తేడా వస్తుంది. మే నెలలో ఎనిమిదింటికి కొండపల్లి కొండెక్కడం మొదలుపెట్టినవాళ్లకి, వరద రోజుల్లో భవానీ ద్వీపానికి టికెట్ అడిగినవాళ్లకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. రోజూ నడవడానికి చోటు కావాలా, నెలకోసారి వెళ్లి చూసి రావడానికా? ఈ రెండింటినీ ఒకే కొలతతో కొలవకూడదు. రోజూ నడిచే చోటు ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండాలి. ఎంత అందమైన చోటైనా అరగంట బండి మీద వెళ్లాలంటే వారం తిరిగేసరికి మానేస్తాం. నెలకోసారి వెళ్లే చోటికి దూరం పెద్ద లెక్క కాదు. అక్కడ కాలం, వేళ చూసుకోవాలి.

## వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

నీళ్లు. కృష్ణ ఒడ్డు అనగానే నిండు నది కళ్లముందు మెదులుతుంది. కానీ ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణ వేరు, కింద కృష్ణ వేరు. బ్యారేజీ నీళ్లని నిలబెట్టి కాలువల్లోకి మళ్లిస్తుంది. అందుకని ఎగువన, అంటే దుర్గా ఘాట్, భవానీపురం, పున్నమి ఘాట్, అవతల సీతానగరం వైపు, ఎండాకాలంలో కూడా నీళ్లు కనిపిస్తాయి. దిగువన, అంటే పద్మావతి ఘాట్, కృష్ణలంక, వారధి వైపు, గేట్లు ఎత్తని నెలల్లో కనిపించేది ఎక్కువగా ఇసుక తిన్నెలు, రెల్లు దుబ్బులు, వాటి మధ్య సన్నటి పాయలు. నీళ్ల కోసం వెళ్లేవాళ్లు ఎగువకే వెళ్లాలి. దిగువన ఉన్న అందం వేరు. అటు ఆకాశం విశాలంగా ఉంటుంది, పొద్దు పొడవడం చూడాలంటే అదే మంచి చోటు. పొద్దు గుంకడం మాత్రం ఎగువన, ద్వీపం అవతల చూడాలి.

జూలై చివరి నుంచి అక్టోబరు దాకా వరద కాలం. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకుంటే చాలు, పొద్దున పేపర్ చూసి వెళ్లాలో వద్దో తేల్చుకోవచ్చు. మొదటి హెచ్చరిక వచ్చిన రోజున ఘాట్ల మెట్లు దిగడం మానేయండి. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. నది ఎంత దూరం రాగలదో ఆ రోజుల్లో ఊరంతా చూసింది.

నీడ. బెజవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడి కొండరాళ్లు సాయంత్రం ఏడింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. మార్చి మధ్య నుంచి జూన్ దాకా చెట్టు నీడ లేని చోటికి పొద్దున ఏడు దాటాక వెళ్లకూడదు. ఘాట్లన్నీ కాంక్రీటే, వాటికి నీడ లేదు. నది పక్కనే కదా, చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటు. నీళ్ల మీద నుంచి వచ్చే గాలి బాగానే ఉంటుంది కానీ నీటి మీద పడి తిరిగొచ్చే ఎండ కళ్లకి గట్టిగా తగులుతుంది.

నేల. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ముందు అడగాల్సింది ఇదే. మెట్లా, మట్టా, టైల్సా, తారు రోడ్డా? ఘాట్ల మెట్ల మీద నీళ్లు తగిలే చోట పాచి ఉంటుంది, చెప్పులతో దిగితే జారిపోతారు.

గేటు వేళలు, టాయిలెట్లు, పార్కింగ్ కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే. అటవీ శాఖ, పురావస్తు శాఖ చోట్లకి టికెట్, గేటు ఉంటాయి. తెల్లవారుజామున వెళ్తే తాళం కనిపించవచ్చు.

## బ్యారేజీ, ఘాట్లు

ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు 1,223 మీటర్లు. విజయవాడ కొస నుంచి సీతానగరం కొసకి వెళ్లి వెనక్కి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్ల నడక. లెక్క తేలిక, దారి తప్పే పని లేదు. డెబ్బై గేట్లు ఒక్కొక్కటే దాటుకుంటూ పోతుంటే ఎడమ చేతి వైపు ఇసుక, కుడి చేతి వైపు నిండు నీళ్లు. ఒకే నది రెండు వేషాల్లో కనిపిస్తుంది. గేట్ల ఇనుప పనుల మీద నీటికాకులు రెక్కలు బార్లా చాపి ఎండకి ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి. వాటి రెక్కలు బాతు రెక్కల్లా నీటిని పూర్తిగా వదిలించుకోవు, మునిగి చేపని పట్టి వచ్చిన ప్రతిసారీ ఇలా ఆరబెట్టుకోవాల్సిందే. పొద్దున ఆరున్నరకి నిలబడి చూస్తే పది నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.

కానీ ఇది పార్కు కాదు. కార్లు, బైకులు, ఆటోలు నడిచే రోడ్డు. ఏడు దాటితే హారన్లు, పొగ. కూర్చోవడానికి చోటు లేదు, టాయిలెట్ లేదు. చిన్నపిల్లల చెయ్యి వదలడానికి వీల్లేదు. దసరా పది రోజులూ, భవానీ దీక్షల విరమణ రోజుల్లోనూ ఇటు నడక ఆలోచన పెట్టుకోకండి, ఇంద్రకీలాద్రి కింద అడుగు పెట్టే సందు ఉండదు.

ఘాట్లలో పున్నమి ఘాట్, భవానీ ఘాట్ ఎగువన ఉన్నాయి కాబట్టి నీళ్ల కోసం అవే మేలు. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు వీటిని బాగా విశాలంగా కట్టారు. సాయంత్రం ఐదున్నర తరవాత వెళ్లాలి. ఎదురుగా భవానీ ద్వీపం, దాని వెనక పొద్దు వాలుతూ కనిపిస్తాయి. దగ్గర్లోనే బెరమ్ పార్కు ఉంది, అక్కడ చెట్లు, పచ్చిక, కూర్చునే చోటు, తినడానికి ఏదో ఒకటి దొరుకుతాయి. ఇంట్లో పెద్దాయన నడవనంటే ఆయన్ని బెరమ్ పార్కులో కూర్చోబెట్టి మిగతావాళ్లు ఘాట్ వెంట నడిచి రావచ్చు. కుటుంబంగా వెళ్లేవాళ్లకి ఈ సౌకర్యం చిన్నదేం కాదు.

కృష్ణలంకలో వరద గోడ వెంట పార్కు, నడక దారి వచ్చాక ఆ చుట్టుపక్కల వాళ్లకి రోజువారీ నడకకి మంచి చోటు దొరికింది. ఏళ్ల తరబడి వరదొస్తే సామాన్లు నెత్తిన పెట్టుకుని పరిగెత్తిన వీధులవి. ఇప్పుడు అదే గోడ పక్కన తెల్లవారుజామున ఆడవాళ్లు గుంపులుగా నడుస్తున్నారు. నది నిండుగా కనిపించకపోవచ్చు కానీ దారి చదునుగా ఉంటుంది, ట్రాఫిక్ లేదు, బస్టాండుకి దగ్గర. రాణీగారితోట, కృష్ణలంక, గవర్నరుపేట వాళ్లు రోజూ నడవడానికి వేరే చోటు వెతుక్కోనక్కర్లేదు.

## భవానీ ద్వీపం

కృష్ణ మధ్యలో 130 ఎకరాలకి పైగా ఉన్న లంక ఇది. పడవలోనే వెళ్లాలి. పిల్లలకి ఆ పడవ ప్రయాణమే సగం సంబరం. లోపల చెట్ల నీడ ఉంది, మట్టి బాటలున్నాయి, బండ్ల గోల లేదు. ఊరికి ఇంత దగ్గర్లో హారన్ వినపడని నడక ఇంకెక్కడా దొరకదు. ఆ ఒక్క కారణానికే దీన్ని ఇష్టపడతాను.

ఇబ్బందులు మూడు. మొదటిది టైము. పడవ నడిస్తేనే నడక, తెల్లవారుజాము వాకింగ్ ఇక్కడ కుదరదు. రెండోది ఖర్చు, నలుగురు వెళ్తే పడవ టికెట్లు, తిండి కలిపి సినిమాకి వెళ్లినంత అవుతుంది. మూడోది వరద. నీటి ఉధృతి పెరిగితే పడవలు ఆపేస్తారు, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇది తరచూ జరుగుతుంది. ఆదివారం గుంపు ఎక్కువ, వారం మధ్యలో వెళ్లగలిగితే ద్వీపం మొత్తం మీదే అన్నట్టు ఉంటుంది.

పడవ విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తాను. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, పట్టేదానికంటే ఎక్కువ మందిని ఎక్కించే పడవ ఎవరిదైనా సరే ఎక్కొద్దు. దిగిపోండి. టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి. పిల్లలకి జాకెట్ ముళ్లు మీరే స్వయంగా బిగించండి.

## నది దాటితే: ఉండవల్లి, మంగళగిరి

బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా వెళ్తే ఉండవల్లి గుహలు. ఒకే కొండని తొలిచి నాలుగు అంతస్తులుగా చేసిన ఆలయం, లోపల శయనించిన అనంత పద్మనాభుడి పెద్ద విగ్రహం. చూడటానికి గొప్ప చోటు, కానీ నడకకి చిన్నది. ముందున్న పచ్చికలో రెండు చుట్లు తిరిగి పై అంతస్తుకి ఎక్కితే అయిపోతుంది. అయినా దీన్ని వదలొద్దంటాను, ఎందుకంటే పై అంతస్తు నుంచి పచ్చటి పొలాలు, తోటలు కనిపిస్తాయి. బెజవాడ ఇంత దగ్గర్లో ఉందని ఆ క్షణం నమ్మబుద్ధి కాదు. బ్యారేజీ నడక, ఉండవల్లి కలిపి ఒక పూటకి పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది.

మంగళగిరి సంగతి వేరు. కొండ కింద అటవీ శాఖ ఎకో పార్కు ఉంది. చెట్లు, బాట, కొండగాలి. మంగళగిరి, తాడేపల్లి, కాజ వైపు ఉండేవాళ్లకి, అటు ఆఫీసులకి వెళ్లేవాళ్లకి రోజువారీ నడక చోటు ఇదే కావాలి. కాళ్లకి ఇంకాస్త పని చెప్పాలనుకుంటే పానకాల నరసింహస్వామి గుడి మెట్లున్నాయి. స్వామికి పానకం పోస్తే సగం తాగి సగం వెనక్కి ఇస్తాడంటారు, ఆ పానకం తాగి మెట్లు దిగుతుంటే అలసట తెలియదు. మధ్యాహ్నం దాటాక పై గుడి మూసేస్తారు కాబట్టి మెట్లు పొద్దున్నే ఎక్కాలి. దిగి వచ్చాక కింది గుడి గాలిగోపురం, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తులది, మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు.

గుంటూరుకీ, బెజవాడకీ మధ్యలో ఉన్న చోటు కాబట్టి రెండూళ్లలో ఉన్న స్నేహితులు కలిసి నడవాలంటే మంగళగిరినే ఎంచుకోండి. ఎవరికీ బాధ ఉండదు.

## కొండపల్లి

అడవి కావాలనుకునేవాళ్లకి బెజవాడ దగ్గర ఉన్న అసలైన చోటు ఇది. ఇబ్రహీంపట్నం దాటి కాస్త దూరం వెళ్లగానే కొండలు మొదలవుతాయి. పైన రెడ్డిరాజుల నాటి ఖిల్లా, చుట్టూ ఆకురాల్చే అడవి. ఈ అడవిలో పెరిగే తెల్లపొణికి చెక్కతోనే కొండపల్లి బొమ్మలు చేస్తారు.

ఇది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లాల్సిన చోటు. వానాకాలం చివర్లో పచ్చదనం ఇంకా ఎక్కువ కానీ రాళ్లు జారతాయి, పొదల్లో పాముల భయం ఉంటుంది. మార్చి తరవాత చెట్లు ఆకులు రాల్చేస్తాయి, నీడ పోతుంది, రాయి కాలుతుంది. ఆ కాలంలో కొండపల్లి వద్దు. వెళ్లేవాళ్లు మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లండి, బూట్లు వేసుకోండి. అడవి బాటల్లోకి ఒంటరిగా, అనుమతి లేని చోట్లకి వెళ్లొద్దు. దిగి వచ్చాక ఊళ్లో బొమ్మల కాలనీకి వెళ్తే చెట్టు నుంచి బొమ్మ దాకా మొత్తం కథ కళ్లారా చూసినట్టవుతుంది. నడక పూర్తి అయ్యేది అక్కడే అనిపిస్తుంది నాకు.

## ఉప్పలపాడు

గుంటూరు వాళ్లకి ఒక లోటుంది. ఊళ్లో నది లేదు. నీటి ఒడ్డున నడవాలంటే ఎటైనా బండెక్కాల్సిందే. కానీ దానికి బదులుగా బెజవాడకి లేనిది గుంటూరుకి ఒకటి ఉంది. ఊరికి కూతవేటు దూరంలో, పెదకాకాని మండలం ఉప్పలపాడులో, మామూలు ఊరి చెరువులో వేల పక్షులు కాపురం ఉంటాయి. ఈ మొత్తం జాబితాలో ఒక్కటే చూడండి అంటే నేను చెప్పే పేరు ఇది.

గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు అన్నీ ఒకే చోట. చెట్లు సరిపోక అటవీ శాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు, వాటి మీదా గూళ్లే. గట్టు మీద నిలబడి పిల్లలున్న గూడబాతు గూడు ఒకటి ఎంచుకుని దాన్నే చూస్తూ ఉండండి. తల్లి వచ్చి వాలి నోరు తెరవగానే పిల్ల తన తలని మెడదాకా తల్లి ముక్కు సంచిలోకి దూర్చేస్తుంది. పిల్ల మింగేస్తోందా తల్లి మింగేస్తోందా అన్నట్టు ఉంటుంది. చేపని వెలికితీసుకున్నాక తల బయటికి తీసి, మళ్లీ కావాలని అరుస్తుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుంది చూడండి, నత్తల్ని పట్టుకోవడానికి పనికొచ్చే ముక్కు అది. చుట్టుపక్కల వరి పొలాల్లో అవి తినే నత్తలన్నీ రైతుకి మేలు చేసినట్టే.

ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెప్తుంటారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశపు పక్షులే. నీళ్లు, తిండి ఎక్కడ దొరికితే అక్కడికి చోటు మారుతుంటాయి. శీతాకాలంలో నిజంగా దూరదేశాల నుంచి వచ్చేవాటిలో గులాబీ గోరింకలు ముఖ్యమైనవి. సాయంత్రం చీకటి పడే ముందు అవి మబ్బులా గుంపు కట్టి, ఒక్కసారిగా మలుపు తిరిగి, చెట్లలోకి దూకుతాయి. ఆ పది నిమిషాల కోసం డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం నాలుగున్నరకల్లా అక్కడుండండి.

నడక పరంగా ఇది చిన్న చోటే. గట్టు వెంట కాస్త దూరం, వాచ్ టవర్ ఎక్కి దిగడం, అంతే. నడక తక్కువ, నిలబడటం ఎక్కువ. రెట్టల వాసన గట్టిగా వస్తుంది, అది పడనివాళ్లు ముందే తెలుసుకుని వెళ్లండి. ఎండాకాలంలో పక్షులు తగ్గిపోతాయి, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. బైనాక్యులర్స్ ఉంటే సగం ఆనందం పెరుగుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకోండి, మాట తగ్గించండి, పిల్లల చేతిలో బెలూన్లు, బూరలు ఉంటే బండిలోనే వదిలేయండి. ఒక్క పెద్ద చప్పుడుకి తల్లులన్నీ లేచిపోతే ఎండలో పసిపిల్లలు మాడిపోతాయి, కాకులు గుడ్లు ఎత్తుకెళ్తాయి. గూడబాతుల సంఖ్య ప్రపంచంలోనే తక్కువైపోయింది. మన గుంటూరు పక్కన వాటిని తమ చెరువులో ఉండనిచ్చింది ఒక పల్లెటూరు. అక్కడ బండి పార్క్ చేసేటప్పుడు కూడా ఆ ఊరివాళ్లకి అడ్డం లేకుండా పెట్టాలి.

## కొండవీడు, ఇంకాస్త దూరం వెళ్లేవాళ్లకి

గుంటూరు నుంచి కొండ నడక కావాలంటే కొండవీడు. రెడ్డిరాజుల రాజధాని. ఘాట్ రోడ్డు పడ్డాక కారులో పైదాకా వెళ్లొచ్చు కాబట్టి నడవలేనివాళ్లని కూడా తీసుకెళ్లే వీలుంది. పైన కోట గోడలు, గుళ్లు, వాననీటిని పట్టి ఉంచే చెరువులు ఉన్నాయి. అంత ఎత్తున చెరువు గట్టు మీద నడవడం ఒక వింత అనుభవం. నీడ విషయంలో మాత్రం కొండపల్లీ, ఇదీ ఒకటే, ఎండాకాలం వద్దు. అమరావతిలో కృష్ణ ఒడ్డు, 125 అడుగుల ధ్యానబుద్ధుడు, అమరేశ్వరుడి గుడి కలిపి ఒక పూట. నడక కొద్దిగానే ఉంటుంది కానీ పెద్దవాళ్లకి తృప్తి.

సూర్యలంక గుంటూరు నుంచి దాదాపు 60 కి.మీ. సముద్రం అలలు తడిపిన గట్టి ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవడానికి మించిన నడక లేదు, కానీ నీళ్లలోకి దిగడం వేరు, ఒడ్డున నడవడం వేరు. ఏటా ఎవరో ఒకరు అలలకి కొట్టుకుపోతూనే ఉన్నారు.

## ఒక చూపులో

| చోటు | నీడ | నేల | మంచి కాలం, వేళ | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ప్రకాశం బ్యారేజీ | లేదు | చదునైన రోడ్డు పక్క | ఏడాదంతా, పొద్దున 7 లోపు | ఒంటరిగా, చురుగ్గా నడిచేవాళ్లకి |
| పున్నమి, భవానీ ఘాట్లు, బెరమ్ పార్కు | పార్కులో ఉంది | కాంక్రీటు, మెట్లు | సాయంత్రం 5.30 తరవాత | కుటుంబాలకి |
| కృష్ణలంక నది ఒడ్డు పార్కు | తక్కువ | చదును | తెల్లవారుజాము | రోజూ నడిచేవాళ్లకి |
| భవానీ ద్వీపం | బాగుంది | మట్టి బాట | నవంబరు నుంచి మార్చి, వారం మధ్యలో | పిల్లలకి |
| ఉండవల్లి | కొద్దిగా | పచ్చిక, మెట్లు | చలికాలం | చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లకి |
| మంగళగిరి ఎకో పార్కు | బాగుంది | బాట | పొద్దున్నే | రెండూళ్ల వాళ్లకీ |
| కొండపల్లి | చలికాలంలోనే | రాయి, ఎత్తు | నవంబరు నుంచి ఫిబ్రవరి | యువతకి, అడవి కావాలనేవాళ్లకి |
| ఉప్పలపాడు | కొద్దిగా | చెరువు గట్టు | సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి, సాయంత్రం | ఓపిగ్గా చూసేవాళ్లకి |
| కొండవీడు | తక్కువ | ఘాట్ రోడ్డు, బాటలు | చలికాలం | కారున్న కుటుంబాలకి |

## మీరెవరన్నదాన్ని బట్టి

షుగర్, బీపీ ఉండి డాక్టరు రోజూ నడవమన్నవాళ్లకి అందం కంటే దూరం ముఖ్యం. ఇంటి దగ్గర నీడున్న పార్కు, చదునైన దారి ఏదైనా సరే, అక్కడికే వెళ్లండి. బెజవాడలో కృష్ణలంక వైపు ఉంటే నది ఒడ్డు పార్కు, మంగళగిరి వైపు ఉంటే ఎకో పార్కు. గుంటూరు ఊళ్లో ఉంటే గాంధీ పార్కు చాలు, వారానికోసారి ఉప్పలపాడు పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లు ఘాట్ల మీద చెప్పుల్లేకుండా నడవొద్దు, పగిలిన కొబ్బరి చిప్పలు, గాజు ముక్కలు ఉంటాయి. అరికాలికి తగిలినా తెలియకపోవచ్చు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు మెట్లున్న చోట్లన్నీ పక్కన పెట్టేయండి. బెరమ్ పార్కు, కొండవీడు కారులో, అమరావతి, ఈ మూడింటిలో ఒకటి. టాయిలెట్ ఎక్కడుందో ముందే చూసుకోండి. చాలామంది పెద్ద ఆడవాళ్లు బయటికి రానంటారు చూడండి, దానికి అసలు కారణం కాళ్ల నొప్పులు కాదు, ఇదే. నోరు తెరిచి చెప్పరు.

ఐదారేళ్ల పిల్లలున్నవాళ్లకి నా ఓటు ఉప్పలపాడుకి, ఆ తరవాత భవానీ ద్వీపానికి. ద్వీపంలో పిల్లలు పరిగెత్తుతారు, ఉప్పలపాడులో ఆగి చూస్తారు. రెండూ కావాలి వాళ్లకి. బ్యారేజీ మీదకి మాత్రం ఆ వయసు పిల్లల్ని తీసుకెళ్లకండి.

తెల్లవారుజామున ఒంటరిగా నడిచే ఆడవాళ్లు నలుగురు నడిచే చోటే ఎంచుకోవాలి, ఆ లెక్కన కృష్ణలంక, మంగళగిరి ముందుంటాయి. పున్నమి ఘాట్ సాయంత్రం కళకళలాడుతుంది కానీ చీకటి పడ్డాక చివరి మెట్ల వైపు ఒంటరిగా వెళ్లడం మంచిది కాదు. కొండపల్లికి ఆడా మగా ఎవరైనా సరే కనీసం నలుగురు కలిసి వెళ్లాలి.

కెమెరా పట్టుకుని పక్షుల వెంట తిరిగేవాళ్లు ఉప్పలపాడుతో ఆగలేరని నాకు తెలుసు. వాళ్లకి తరవాతి మెట్టు కైకలూరు దగ్గర ఆటపాక, కొల్లేటి ఒడ్డున. అక్కడా గూడబాతులే రాజులు, పడవలో దగ్గరికి వెళ్లొచ్చు. ఇంకా ఓపికుంటే నాగాయలంక, హంసలదీవి వైపు మడ అడవులు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు అది. ఉప్పునీళ్లలో ఊపిరి పీల్చుకోవడానికి బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల వేళ్లు, వాటి మధ్య ఎర్రటి పీతలు. ఆటు పోట్లు చూసుకోకుండా మడ అడవి వైపు వెళ్తే బురదలో మోకాళ్ల దాకా దిగబడతారు, అందుకని ఆ ఊరి చేపల వేటగాళ్లని అడిగి, వాళ్లలో ఒకరిని వెంటపెట్టుకుని వెళ్లండి. మరుసటి రోజు సెలవుంటేనే పెట్టుకోవాల్సిన ప్రయాణం ఇది, పొద్దున నాలుగింటికి బెజవాడలో బయల్దేరితే ఎండెక్కేలోగా నీటి ఒడ్డున ఉంటారు.